ఎలపట, దాపట

మొన్న పొలాల అమావాస్య నాడు పొద్దున డ్యూటీకి పోతుంటే మా ఫ్యాక్టరీ బస్సు మంచిర్యాల దాటినంక ఒక ఊరి మొగదల ఆగింది. ముందర ఎడ్లు. ఆ ఒక్కరోజు మా దిక్కు రోడ్డు ఎడ్లది. బస్సులకు, లారీలకు, మా జీఎం కారుకు కూడా వాటి వెనుక వరుసే. మంచిగ కడిగి, కొమ్ములకు రంగులేసి, వీపుల మీద పూల గుడ్డలు కప్పి, జతలు జతలుగా హనుమాండ్ల గుడి దిక్కు తోలుకపోతున్నరు.

అందరి వెనుక ఒక రైతు ఒక్క ఎద్దును పట్టుకొని వస్తున్నడు. ఎద్దు మెడలో ఒక గంటల పట్టెడ. అసుంటిదే ఇంకో పట్టెడ రైతు భుజం మీద. బస్సులోంచి ఎవరో తల బయటపెట్టి "రెండోదేదే?" అని అడిగిండు. రైతు తలెత్తకుండనే "ఉండె" అన్నడు.

ఇంతకన్న చిన్న సంతాపసభ నేను చూడలేదు.

ఆ ఎద్దు నడక చూసిన. పక్కన జతగాడు లేడు, రోడ్డంతా దానిదే. అయినా అది తనకు కుడిపక్క ఇంకో ఎద్దు పట్టేంత జాగ వదిలి, ఎడమకు ఒదిగి నడుస్తున్నది. దాపటెద్దు. నేను రైతుబిడ్డను కాదు. కరీంనగర్ బస్టాండు వెనుక పుట్టి పెరిగినోన్ని, నాకు చిన్నప్పటి సంది తెలిసిన పశువు ఎర్రబస్సు ఒక్కటే. అయినా ఏ ఎద్దు ఏ పక్కదో చెప్పగలను. నేర్పింది మా కంప్యూటర్ సారు. ఆయన ఎండకాలంలో పోయిండు.

పేరు రాయను. రాస్తే ఆయనకే నచ్చదు. "పేరు జాగకు ఉంటది, మనిషికి గాదు. ఎవలు ఆ జాగల నిలవడితె ఆ పేరు వాళ్లది" అనేటోడు. అది వేదాంతమనుకొని మొదట్లో నేను చేతులు జోడించిన. వేదాంతం కాదట, సర్వర్ల సంగతట.

ఆ సంగతి కూడా చెప్పాలె. మాది సిమెంటు ఫ్యాక్టరీ. పొడుగాటి ఇనుప గొట్టం, లోపల మంట. దాన్ని కిల్ను అంటరు. అది ఎప్పుడూ తిరుగుతనే ఉండాలె. వేడి మీద ఉండంగ ఆగిందంటే దాని బరువుకు దానికే నడుము వంగుతది, మళ్ల లేవది. లోపల వేడి ఎంత, బొగ్గు ఎంత పోతున్నది, అన్నీ కంట్రోల్ రూములో తెరల మీద కనపడుతయి. ఆ తెరలకు కబురు అందించేది సర్వర్. అది ఆగితే తెరలు గుడ్డివైతయి. కళ్లకు గంతలు కట్టుకొని లారీ తోలినట్టే ఇక. అందుకని రెండో సర్వర్ తెప్పించిండ్రు. ఒకటి ఆగితే ఎవ్వరూ ముట్టకుండనే రెండోది అందుకోవాలె. అందుకున్నప్పుడు మొదటిదాని పేరు కూడా రెండోదే పెట్టుకుంటది, తెరలకు తేడా తెలియద్దు కనుక. పేరు జాగది అనుడు అందుకే. వాటిని అట్ల కుదిర్చేది సారు పని. ఆయన కింద నేను.

ఇంట్లో చెప్పుకునే ఉద్యోగం కాదిది. మా అవ్వ చుట్టాలకు "మా పోరడు సర్వర్ల కాడ జేస్తడు" అని చెప్పేది. "ఏ హోటల్ల?" అని అడిగేటోళ్లు. రెండు సర్వర్లు ఎందుకో మా బాపుకు నేను చెప్పకముందే అర్థమైంది: "ఒగడు సెలవు పెడితె ఇంకోడు ఇడ్లి తేవద్దా?" ఇది చెప్తే సారు నవ్వుతడనుకున్న. నవ్వలేదు. "మీ బాపుకు సమజైనంత మన జీఎంకు సమజైతలేదు" అన్నడు.

సారుది ఆదిలాబాద్ అవతల, మహారాష్ట్రకు ఆనుకొని ఉన్న ఊరు. పత్తి, జొన్న చేసే ఇల్లు. యంత్రం అలిగినప్పుడు ఆయన నోట మరాఠీ వచ్చేది; దాని నెత్తి మీద చెయ్యి పెట్టి "కాయ్ ఝాలా రా బాబా" అనేటోడు, ఏమైందిరా నాయనా అని. తెలుగులో అయితే తిడతానేమోనని అట్ల అంటున్నడని నా అనుమానం. అవి వచ్చిన మొదటి వారమే రెండు సర్వర్ల మీద తెల్లరంగుతో ఇంగ్లీషు అక్షరాల పేర్లు రాసిండు. జీఎం గారు కోస్తా మనిషి. వంగి, అద్దాలు సర్దుకొని చదివిండ్రు.

"ఇదేమిటండీ, 'ఎలా పాట' అని రాశారు?"

"ఎలపట సార్. కాడికి కుడిదిక్కు కట్టేది ఎలపటెద్దు. ఎడమదిక్కుది దాపటెద్దు."

"బాగుంది. పనిచేసేది ఏది?"

"ఎలపట."

"మరి ఈ రెండోది ఏం చేస్తుంది?"

"కనిపెట్టుకొని ఉంటది."

"అంటే ఏమీ చెయ్యదన్నమాట" అన్నరు జీఎం. ఆ మాట సారుకు ముల్లై గుచ్చుకుంది. అకౌంట్స్ వాళ్లు అప్పటికే కంప్యూటర్ కావాలని జీఎం చుట్టూ తిరుగుతున్నరు. పని లేకుండా ఏసీలో కూర్చున్న యంత్రాన్ని చూస్తే ఎవరికైనా ఆశ పుడుతది. పండుగలు దాటంగనే దాపటను పట్టుకపోతరని మాట బయటికి వచ్చింది.

సారుకు కావాల్సింది ఒక్కటే: నడుస్తున్న ఎలపట తీగను అందరి ముందర గుంజి, దాపట అందుకుంటదా లేదా చూడాలె. జీఎం వినలేదు. నడుస్తున్నదాన్ని ఆపడమేమిటండీ అని. సారు వదలలేదు. "దాపటెద్దు ఎన్నడూ ఎలపట నడవదు సార్. చిన్నప్పటి సంది ఏ దిక్కు అలవాటైతె గదే దిక్కు. ఆపతి వచ్చిన్నాడు కొత్తగ అటు కడితె కాడి ఇరగ్గొడ్తది. ముందుగల్ల రెండు దిక్కులా నేర్పాలె."

ఇది మాటల వరకే ఉంటే నేను నవ్వి ఊరుకునేవాన్ని. ఆయన ముందుగా తన మీదనే చేసుకున్నడు. జేబులో రెండు పెన్నులు. ఒకటి రాస్తది, ఒకటి కనిపెట్టుకొని ఉంటది. సోమవారం మార్పిడి. ఇంటికి పోయే తొవ్వలు రెండు. ఒకనాడు గోదావరి దిక్కు, ఒకనాడు రైలు పట్టాల దిక్కు. శనివారం ఎడమచేత్తో రాసేటోడు, దాపట చెయ్యికి అలవాటు కావాలెనని. శనివారం మేము పెట్టుకున్న సెలవు కాగితాల మీద ఏం రాసిండో ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఇచ్చిండనే అనుకునేటోళ్లం.

ఇక శుక్రవారం ఆయన చచ్చిపోయేటోడు.

"రేపు శుక్రారం. నేను సచ్చిన. నువ్వే చూసుకో" అని గురువారం సాయంత్రం నాకు చెప్పేటోడు. కిల్ను ఫోర్‌మన్ పోశన్న చెవులు మూసుకునేటోడు. "సారూ, శుక్రారం లచ్చిమి పూట గా మాట ఎందుకే?"

"మరి మంగళారం సావాల్నా పోశన్నా?"

శుక్రవారం పొద్దున వచ్చి, కంట్రోల్ రూము బయట వరండాలో ఇనుప కుర్చీ వేసుకొని, పేపరు చదువుకుంట, కునుకు తీసుకుంట కూర్చునేటోడు. ఏం అడిగినా జవాబుండదు. నా మొదటి శుక్రవారం నాడు డిస్కు నిండిపోయి యంత్రం మొరాయించింది. వరండాలోకి ఉరికిన. "సార్, డిస్కు నిండింది!" ఆయన పేపరు తిప్పిండు. "సార్!" అటుగా పోతున్న పోశన్నను పిలిచి, "పోశన్నా, సచ్చినోన్ని లేపుతుండు, పిలగానికి దయ్యాల భయం లేనట్టున్నది" అన్నడు. లోపలికి పోయి నేనే తంటాలు పడ్డ. తర్వాత తర్వాత అలవాటైంది. ఎవరైనా వచ్చి "సారున్నడా?" అంటే నేను పని మీది నుంచి కళ్లు తీయకుండనే "శుక్రవారం గదా, లేడు" అనేటోన్ని. వచ్చినోడు వరండాలో కుర్చీ దిక్కు ఒకసారి చూసి, భయభక్తులతో పక్క నుంచి పోయేటోడు. బతికుండంగ అంత మర్యాద మా ఫ్యాక్టరీలో ఇంకెవ్వరికీ దక్కలేదు.

సచ్చినోడు లేచేది ఒక్కదానికే. మధ్యాహ్నం పన్నెండు గంటల ఫోనుకు.

కంట్రోల్ రూములో ఊరి లైను ఉన్న నల్ల ఫోను ఒకటుండేది. రోజూ పన్నెండుకు అది ఒక్కసారి మోగి ఆగుతది. ఎవ్వరూ ఎత్తద్దు. సారు ఎక్కడున్నా వచ్చి, నంబరు తిప్పి, అవతల ఒక్కసారి మోగంగనే పెట్టేసి పోతడు. అంతే. కొత్తల్లో నాకు తెలియక ఒకనాడు ఎత్తబోయిన. ఆయన గది అవతలి మూల నుంచి అరిచిండు. ఆయన అరవంగ చూసింది అదొక్కసారే.

"ఎత్తద్దు! ఎత్తితె ఆడ పానం పోతది."

అవతల ఉన్నది ఆయన భార్య. మంచిర్యాల స్టేషన్ కాడ ఎస్టీడీ బూతు నడుపుతది. మేమంతా అక్క అంటం. ఒకసారి రైలుకు ముందు అక్కడ ఆగి, నవ్వులాటకు అడిగిన: "ఏందక్కా, ఊరోళ్లనందరిని మాట్లాడిపిస్తవు, సారుతోని మాత్రం మాటల్లేవా?"

అక్క చిల్లర డబ్బా మూసి నా దిక్కు చూసింది. "రోజు ఏం మాట్లాడుతం తమ్మీ? ఉప్పు పప్పు ముచ్చట ఇంటికాడ ఉండనే ఉన్నది. ఉన్నవా అని నేను, ఉన్న అని ఆయన. గంతే. ఎత్తిండంటె ఏందో అయిందన్నట్టు."

"ఇన్నేండ్లల్ల ఎన్నిసార్లు ఎత్తిండు?"

"ఎత్తలే" అన్నది.

పన్నెండు గంటలకు వాళ్లిద్దరికీ ఎన్నడూ కొట్లాట ఎందుకు కాలేదో నాకప్పుడు తెలిసింది. తర్వాత సారు సర్వర్లను కుదిర్చింది చూస్తే ఇదే. రెండింటి నడుమ ఒక తీగ. దాపట ఊకె అడుగుతనే ఉంటది: ఉన్నవా? ఎలపట అంటది: ఉన్న. జవాబు రాకపోతే దాపట కాడి కిందికి వస్తది. అక్క నుంచి సర్వర్లకు వచ్చిందో, సర్వర్ల నుంచి అక్కకు పోయిందో నేను అడగలేదు. అడిగితే శుక్రవారం దాకా చెప్పుతడు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, జవాబు రాకుంటే ఎంతసేపు ఆగి చచ్చిందనుకోవాలె? ఎక్కువ ఆగితే తెరలు గుడ్డివైతయి. తొందరపడితే ఇంకా ఘోరం. ఎలపట బతికే ఉంటది, నడుమ తీగ మాత్రం ఊడి ఉంటది. దాపట "అయ్యో, పోయింది" అని తనూ పని అందుకుంటది. ఇక ఇద్దరు పెద్దమనుషులు, ఒకటే పేరు, ఒకటే ఇల్లు. లెక్కలన్నీ ఆగమాగం. ఆ ఎంతసేపు అనే అంకె మీద సారు నెలలు గడిపిండు. పెంచుతడు, తగ్గిస్తడు, గడ్డం గోక్కుంటడు. ఒకనాడు విసుగొచ్చి అన్న: "ఏదో ఒకటి పెట్టుండ్రి సార్. తప్పైతే ఏమైతది?"

ఆయన చేతిలో పని ఆపిండు.

"మా మేనమామ దుబాయ్ పోయిండు. కబురు లేదు. ఇంటోళ్లు జూసి జూసి దినాలు జేసిండ్రు. భూమి పంచుకున్నరు. ఒకనాడు పొద్దుగాల ఎర్రసూట్‌కేసు పట్టుకొని బస్సు దిగిండు. ఇగ జూడు. ఒక్క చెలకల రెండు నాగండ్లు. గా ఇల్లు మళ్ల కలువలే." చేతిలో పని మళ్ల అందుకుంట అన్నడు: "సచ్చిపోతె ఏడుస్తరు, మళ్ల బతుకుతరు. సావకముందే సచ్చిండనుకుంటె గప్పుడు ఆగమైతరు."

గది బరువెక్కింది. నాకు బరువు ఆగదు. "సూట్‌కేసుల ఏం తెచ్చిండు సార్?"

"టేప్‌రికార్డరు" అన్నడు, అదే గొంతుతో.

అప్పటి నుంచి ఆయన మాట ఒకటి మా గదిలో సామెత అయింది: ఊకె సచ్చిందనద్దు, ఇంకో తొవ్వల అడుగు. రెండు సర్వర్ల నడుమ ఇంకో తీగ, వేరే గోడ వెంబడి గుంజించిండు. మొదటి తీగ మీద జవాబు రాకపోతే దాపట రెండో తీగ మీద అడగాలె. అక్కడా లేకపోతేనే కాడి ఎత్తుకోవాలె.

ఇదంతా కుదిరింది. కానీ పరీక్ష లేదు. దాపటను పట్టుకపోయే రోజు దగ్గరపడ్డది. అప్పుడు పొలాల అమావాస్య వచ్చింది.

ఆ పొద్దు మీటింగులో సారు లేచి నిలబడ్డడు. "సార్, ఇయ్యాల పొలాల. ఎద్దుకు కాడి కట్టద్దు."

జీఎం గారికి అర్థం కాలేదు. "ఏ ఎద్దుకు?"

"ఎలపటకు సార్. పూజ జేసి ఒక్కపూట ఇడిసిపెట్టాలె. పని దాపట చూసుకుంటది."

నాకు నవ్వాగక బల్ల కిందికి చూసిన. తలెత్తేసరికి నవ్వేటోడు నేనొక్కన్నే. బల్ల చుట్టూ ఉన్న ఫిట్టర్లు, ఫోర్‌మన్లు అందరూ తలలూపుతున్నరు. పోశన్న అయితే లేచే నిలబడ్డడు. "కట్టద్దు సార్. పొలాల నాడు కాడి కడితె పాపం. ఎద్దు సాపెన పెడ్తది." పోయిన దసరాకు కిల్నుకు గుమ్మడికాయ కొట్టించి దండం పెట్టింది జీఎం గారే. ఇప్పుడు ఇనుముకు పానం లేదనేందుకు ఆయనకు నోరు రాలేదు. "ఏదైనా జరిగితే మీదే బాధ్యత" అన్నరు సారుతో. సారు మొఖం చూస్తే తెలిసింది, ఇది సర్వర్ పరీక్ష ఒక్కటే కాదు. తప్పితే దాపట అకౌంట్సుకు, సారు ఇంటికి.

పోశన్న ఎలపటకు పసుపు పూసి, కుంకుమబొట్టు పెట్టి, ఇంటి నుంచి తెచ్చిన పోలె ఒకటి దాని నెత్తిన పెట్టిండు. గాలి పోయే జాగ మూసుకుపోతదని సారు ఆ తీపిరొట్టెను మెల్లగ పక్కకు జరిపిండు. కొబ్బరికాయ మాత్రం బయట కొట్టించిన, ఆ పండుగలో నేను చేసిన సేవ అదొక్కటే. తర్వాత సారు వంగి తీగ గుంజిండు.

తెరలు నల్లబడ్డయి. మళ్ల వెలిగినయి. వేడి, బొగ్గు, గాలి, అన్ని అంకెలూ ఎక్కడివక్కడ. పోశన్న చప్పట్లు కొట్టిండు. సారు చెయ్యి అడ్డం పెట్టి, "ఆగు. ఏడనన్న ఒక అలారం తెప్పియ్యి" అన్నడు. ఆపరేటరు ఒక మీట నొక్కిండు. తెర మీద ఎర్రగా వచ్చింది. సారు కళ్లు మూసుకొని వింటున్నడు. గోడ మీది సైరన్ మోగాలె. మోగలేదు.

సైరన్ తీగ ఎలపటకే ఉన్నది. దాపటకు ఎవ్వరూ కలపలేదు, సారుతో సహా.

"ఫెయిలైంది కదండీ!" అన్నరు జీఎం.

సారు కళ్లు తెరిచిండు. అంత సంతోషంగ ఆయన్ను నేనెన్నడూ చూడలేదు. "అయింది సార్! నడక వచ్చింది, మువ్వలు కట్టుడు మరిసినం. మనం చూస్తుండంగ ఫెయిలైంది. గిదే గావాల్సింది."

జీఎం గారు చాలాసేపు గోడ మీది సైరన్‌నే చూసిండ్రు. తర్వాత మెల్లగ అన్నరు: "మనం చూడనప్పుడు అయ్యుంటే?" దాపట ఎక్కడికీ పోలేదు. అకౌంట్స్ వాళ్లు ఇంకో ఏడాది చేత్తోనే కూడుకున్నరు. ఆ తర్వాత ప్రతి పొలాలకు మా సర్వర్ రూములో పండుగే.

దాని ఫలితం ఒక వానకాలం మధ్యాహ్నం వచ్చింది. పిడుగు పడ్డది, ఎలపటలోంచి కాలిన వాసన. తెరలు ఒక్కసారి రెప్ప కొట్టినట్టు కొట్టి మళ్ల వెలిగినయి. ఆపరేటర్లు చాయ్ తాగుతున్నరు, తాగుతనే ఉన్నరు. సారు గదంతా కలియచూసిండు, ఎవరన్నా గమనించిండ్రా అని. ఎవ్వరూ గమనించలేదు. సాయంత్రం జీఎం గారు వచ్చి "ఏమిటండీ విశేషాలు?" అంటే "ఏం లేవు సార్" అన్నడు. ఎద్దు చచ్చి పూట గడిచింది, ఇంటాయనకు కబురు లేదు. ఇదేందని నేనడిగితే, "మంచి జోడు పని ఎవనికి కనవడద్దు పిలగా" అన్నడు. కొత్త యంత్రం వచ్చినంక దానికీ తెల్లరంగుతో ఎలపట అనే రాసిండు. పేరు జాగది కదా.

మొన్న ఎండకాలంలో ఒక శుక్రవారం. సారు వరండాలో చచ్చి ఉన్నడు. వారం వారం లాగే. పేపరు మొఖం మీద కప్పుకున్నడు. లోపల నేను, పోశన్న, ఆపరేటర్లు.

పన్నెండు గంటలకు నల్ల ఫోను ఒక్కసారి మోగి ఆగింది. మేము తల తిప్పలేదు, సారు వస్తడు కదా అని. రాలేదు. కొంచెం సేపటికి గేటు నుంచి లోపలి ఫోను. వాచ్‌మన్: "సార్, అక్క గేటు నంబరుకు చేసింది. సారున్నడా అని అడుగుతున్నది."

నాకు అలవాటైన జవాబు ఒకటే. "శుక్రవారం గదా, లేడు అని చెప్పు."

ఫోను పెట్టినంక నాకు తట్టింది. ఆమె ఇంకో తొవ్వలో అడుగుతున్నది.

కిటికీలోంచి చూసిన. కుర్చీలో మనిషి అట్లనే ఉన్నడు. కాలికి చెప్పు ఒకటే ఉన్నది. రెండోది జారి కింద ఎండలో బోర్లపడి ఉన్నది. పోశన్న నా మొఖం చూసి, అడగకుండనే వరండాలోకి పోయిండు. పేపరు తీసిండు. చెయ్యి పట్టుకున్నడు. కిటికీ అవతలి నుంచి నా దిక్కు తిరిగి, తల అడ్డంగ ఊపిండు.

అప్పుడు నల్ల ఫోను మళ్ల మోగింది. ఈసారి ఒక్కసారి మోగి ఆగలేదు. మోగుతనే ఉన్నది. గదిలో ఎవ్వరూ దాని దిక్కు చూడలేదు, అందరూ నన్నే చూసిండ్రు. ఎత్తిన. "అక్కా" అని, ఆ తర్వాత ఏం చెప్పాల్నో కూడబలుక్కుంటున్న.

"ఎత్తినవా తమ్మీ" అన్నది అక్క. పెట్టేసింది.

కూర్చున్న చోటనే, ఒక్క క్షణంలో పోయిండని డాక్టరు చెప్పిండు. పక్కన మనిషి ఉన్నా ఏం చేయలేకపోయేటోడట. ఫ్యాక్టరీ జీపులో ఊరికి తీసుకపోయినం. కిల్ను ఆగలేదు. తెరలు రెప్ప కూడా కొట్టలేదు. అదొక్కటే నాకు బాధనిపించింది. ఇంత మనిషి పోతే కనీసం ఒక తెర నల్లబడాలె కదా. ఆయన ఉంటే అననిచ్చేటోడు కాదు. కుర్చీని ఎవ్వరూ తీయలేదు. పన్నెండు గంటల ఫోను మోగుడు బంద్ అయింది. శుక్రవారం ఎవరన్నా "సారున్నడా?" అంటే నాకు జవాబు రావట్లేదు.

మొన్న పొలాల నాడు, ఆ ఒంటెద్దును చూసి ఫ్యాక్టరీకి పోయేసరికి జీఎం గారు కంట్రోల్ రూము గడపలోనే ఉన్నరు. మొహమాటంగ అడిగిండ్రు: "ఈ ఏడు ఆ... ఎద్దుల కార్యక్రమం ఉంటుందా?"

"ఉంటది సార్" అన్నడు పోశన్న. "పండుగ మనిషిని జూసి రాదు."

పసుపు, కుంకుమ, పోలె. గాలి పోయే జాగ నుంచి పోలెను ఈసారి నేను పక్కకు జరిపిన. వంగి తీగ మీద చెయ్యి పెట్టి చూస్తే అది ఎడమ చెయ్యి. పోశన్న నా వెనుక నిలబడి, "గుంజు సారూ" అన్నడు. ఇన్నేండ్లు నన్ను పిలగా అన్న మనిషి. ఎవలిని పిలిచిండా అని నేను వెనక్కి తిరిగి చూసిన.

గుంజిన. తెరలు నల్లబడి మళ్ల వెలిగినయి. సైరన్ గోడ దద్దరిల్లేటట్టు మోగింది. మువ్వలన్నీ ఉన్నయి.

కాసేపటికి, సరిగ్గా పన్నెండుకు, నల్ల ఫోను ఒక్కసారి మోగి ఆగింది.

చాయ్ గ్లాసులు ఎక్కడివక్కడ ఆగినయి. పండుగ పూట అక్కకు పాత అలవాటు కొద్దీ చెయ్యి పోయిందేమో, మరిచి చేసిందేమో. జవాబిస్తే బాధ, ఇవ్వకుంటే ఇంకా బాధ. పోశన్న మాత్రం ఫోనును నా దిక్కు జరిపిండు. "కొట్టు" అన్నడు. నంబరు తిప్పిన. అవతల ఒక్కసారి మోగంగనే పెట్టేసిన.

సాయంత్రం బస్సు దిగి నేరుగా స్టేషన్ కాడికి పోయిన. బూతులో జనం లేరు. అక్క బల్ల తుడుస్తున్నది. ఎట్ల మొదలుపెట్టాల్నో తెలియక అటు ఇటు మాట్లాడి, చివరికి అన్న: "అక్కా, మధ్యాహ్నం ఫోను... సారు లేడు గదా..."

అక్క బల్ల తుడుచుడు ఆపింది.

"ఆయన లేడని నాకెర్క లేదా తమ్మీ?" అన్నది. "నువ్వున్నవా అని కొట్టిన."

ఏదన్నా నవ్వులాట మాట అందామని చూసిన. ఏదీ అందలేదు.

"ఉన్న అక్కా" అన్న.